మన పేటకి దాతల్లేరట!

"మన పేటకి దాతల్లేరు."

తూర్పు షోలాపూర్‌లో ఏ మీటింగుకి వెళ్ళినా రెండో చాయ్ వచ్చేలోపు ఈ మాట రావాల్సిందే. తెలుగు బడిలో పిల్లలు తగ్గితే ఇదే మాట. పాత మగ్గాల ఇల్లు కూలగొట్టి మూడంతస్తులు లేపితే ఇదే మాట. బతుకమ్మ పాటలు వచ్చిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాటిని రాసిపెట్టేవాళ్ళు లేరా అని అడిగినా ఇదే జవాబు. ముంబైకి టాటాలున్నారు, గోల్కొండ దగ్గరి గోరీలకి ఆగా ఖాన్ ట్రస్టు వచ్చింది, మన సాఖర్‌పేటకి, భవానీపేటకి ఎవరొస్తారు? పెద్ద ఫౌండేషన్ ఏదో ఒకటి చెయ్యి వేస్తే తప్ప మన కళా, మన కట్టడాలూ, మన సంస్థలూ బతకవు. ఇదీ వాదం. చదువుకున్నవాళ్ళే చెబుతారు, చెప్పి నిట్టూరుస్తారు, నిట్టూర్చి ఇంటికి పోతారు.

ఈ మాట అబద్ధం. మామూలు అబద్ధమైతే పోనిద్దును. ఇది సుఖమైన అబద్ధం. చెప్పినవాడి నెత్తిన ఏ పనీ పడనివ్వదు.

మా పేటలో ఒక సమాజ మందిరం ఉంది. ఏదని చెప్పను, అలాంటివి ఇంకా ఉన్నాయి గనక ఎవరికి వాళ్ళు తమదే అనుకోవచ్చు. షహాబాదు బండతో వేసిన మెట్లు. ఒక్కో మెట్టు అంచున ఒక పేరు, వచ్చిన ఊరు, పక్కన ఒక అంకె. 51. 101. ఒక మెట్టు మీద 25. కిందినుంచి నాలుగో మెట్టు మీద 11. చిన్నప్పుడు అక్షరాల మీద కాలు పెడితే సరస్వతికి కోపమొస్తుందని అంచులు దాటుకుంటూ గెంతుతూ ఎక్కేవాళ్ళం. నడిమి అక్షరాలు అరిగిపోయాయి, అంకెలు మాత్రం పక్కన ఉండటంతో మిగిలాయి. ఇప్పుడు ఆ మెట్లెక్కి పైహాలుకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, మైకు పుచ్చుకుని, మన పేటకి దాతల్లేరంటారు. కాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఎవరట మరి?

షోలాపూర్‌లో పాత గిర్ని, అంటే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, 1877లో మొదలైంది. 1876-78 కరువు దక్కనునంతా పీల్చి పిప్పిచేసిన రోజులవి. ఆ వెనక లక్ష్మి, విష్ణు, నర్సింగ్‌గీర్జి గిర్నీలు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు ఇక్కడికి తరాల తరబడి వస్తూనే ఉన్నారు. కొందరు గిర్ని భోంగాకి, అంటే సైరనుకి, లేచేవాళ్ళు, కొందరు ఇంట్లోనే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళు వట్టి చేతులతో వచ్చారని చరిత్ర చెప్పేవాళ్ళు రాస్తారు. చేతులు వట్టివే కావచ్చు. కానీ ఇవ్వడం తెలియని జనం వచ్చారనుకుంటే పొరపాటు.

ఎందుకంటే వాళ్ళు వదిలివచ్చిన ఊళ్ళలో వాళ్ళు పోషకులు. ఈ సంగతి మనవాళ్ళే మరిచారు. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన బారల కొద్దీ పొడవైన పటం విప్పి, మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పే కూనపులివాళ్ళు ఎవరి మీద ఆధారపడి బతికారు? సాలోళ్ళ మీద. గారడీ విద్యలు చూపించే సాధనాశూరులు ఎవరి వాకిట్లో ఆడారు? సాలోళ్ళ వాకిట్లో. ఆ కళాకారుడికి ఫలానా ఊళ్ళు మిరాసి, ఆ ఊళ్ళో ప్రతి మగ్గపు ఇల్లూ అతనికి త్యాగం ఇచ్చుకోవాలి. బిచ్చం అనరు, బహుమానం అనరు, త్యాగం అంటారు. ఇవ్వకపోతే అడిగే హక్కు అతనిది. నకాశీవాడు బొమ్మ గీశాడంటే కూనపులివాడు గీయించుకున్నాడు గనక. కూనపులివాడు గీయించుకోగలిగాడంటే నేతగాడు త్యాగం పెట్టాడు గనక. ఇప్పుడా చేర్యాల బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, హోటళ్ళ లాబీల్లో వేలాడుతోంది. ఏ కంపెనీ ఫౌండేషనో దాన్ని చాయ్ కప్పు మీద అచ్చేయిస్తే కళని బతికించారని చప్పట్లు కొడతాం. ఇన్ని తరాలు దాన్ని బతికించినవాళ్ళలో మన ముత్తాతలూ ఉన్నారని చెప్పుకోవడానికి మాత్రం నోరు రాదు.

ఆ పాత ఏర్పాటు బంగారమని నేననను. కులానికి కట్టిన తాడు అది. కళాకారుడు ఇంకో కులం వాకిట్లో ఆడకూడదు, వాడి కొడుకు ఇంకో పని ఎరగకూడదు. పైగా మిరాసి లెక్కంతా ఊరి లెక్క. ఊరు వదిలి గిర్ని చాళ్ళో ఒక గదిలో ఆరుగురు సర్దుకున్నవాడికి ఊరెక్కడిది, మిరాసి ఎక్కడిది? అది తెగిపోవాల్సిందే, తెగిపోయింది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పోషకుడంటే కోటలో ఉండేవాడని, కోటు వేసుకునేవాడని మనకి ఎవరో నేర్పారు. గుంటమగ్గం మీద కూర్చున్నవాడు కూడా పోషకుడే అయి ఉండేవాడు.

ఇక్కడికొచ్చాక త్యాగం పోయి వర్గణి వచ్చింది. చందాకి మరాఠీ మాట, మన నోళ్ళలో పడి మనదైంది. గుడికి వర్గణి, బడికి వర్గణి, శవం లేవాలన్నా వర్గణి. సిద్ధేశ్వర్‌పేటలో మార్కండేయ మందిరం, ఏటా నారళీ పున్నమకి, అంటే మన జంధ్యాల పున్నమకి, సాగే రథోత్సవం, పద్మశాలి జ్ఞాతి సంస్థ, పద్మశాలి శిక్షణ సంస్థ, దాని కింద నడిచే కూచన్ ప్రశాల, మార్కండేయ సహకారి రుగ్ణాలయం. ఒక్కసారి ఆ చివరి పేరు మళ్ళీ చదవండి. సహకారి రుగ్ణాలయం. దవాఖానాని సహకార సంఘంగా పెట్టుకున్న జనం మనం. సహకార సంఘమంటే దయ చూపేవాడు ఒకడు, దండం పెట్టేవాడు ఒకడు ఉండరు. వాటా ఉంటుంది, సభ్యత్వం ఉంటుంది, లెక్క అడిగే హక్కు ఉంటుంది. కళలకి, కట్టడాలకి, సమాజ సంస్థలకి డబ్బిచ్చే ఫౌండేషన్లు ఇవాళ ప్రపంచమంతా పెద్ద పెద్ద మాటలతో వెతుకుతున్నది దీన్నే. మనకి ఇంట్లోనే ఉంది.

అయ్యో, అదంతా పాత కాలం, గిర్నీలు పోయాయి, చద్దర్ల బజారు చితికింది, పానిపట్ సరుకు మన పేరు తగిలించుకుని అమ్ముడుపోతోంది, ఇప్పుడు వర్గణి ఇచ్చేవాళ్ళెక్కడ, అంటారు. వాళ్ళ వాదంలో కాస్త పస ఉన్న చోటు ఇదే, అందుకే ఇక్కడ ఆగుతాను. షోలాపురి చద్దరుకి భౌగోళిక గుర్తింపు వచ్చినా మగ్గం కూలీకి అది అన్నం పెట్టలేదు. పవర్‌లూమ్ కార్ఖానాల్లో హప్తా మీద బతికేవాడు, యజమాని దగ్గర బాకీ తీసుకుని కొత్త కార్ఖానాకి మారలేనివాడు, ఇంటి గడప మీద చాట పెట్టుకుని బీడీలు చుట్టే అతని భార్య. వీళ్ళని నాటకానికి చందా అడగడానికి నాకూ మొహం చెల్లదు.

కానీ కుంభారి వైపు ఒకసారి వెళ్ళి రండి. గోదూతాయి పరుళేకర్ పేరు మీద బీడీ కార్మికురాళ్ళకి కట్టిన ఘర్‌కుల్ అక్కడుంది. 10,000 ఇళ్ళు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆరంభించారు. దాని తర్వాత రేనగర్. 30,000 ఇళ్ళ పథకం, అందులో 15,000 ఇళ్ళని 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. మగ్గం పనివాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, చెత్త ఏరేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, వీళ్ళవి ఆ ఇళ్ళు. వాటి వెనకున్నది నర్సయ్య ఆడం మాస్టర్, ఆయన సిఐటియు, ఏళ్ళ తరబడి మోర్చాలు. కేంద్రం డబ్బుంది, రాష్ట్రం డబ్బుంది, ఆ ఆడవాళ్ళు కూడబెట్టి కట్టిన తమ వంతు ఉంది. మా ఊరు ఈ శతాబ్దంలో చూసిన పెద్ద కట్టడం పనుల్లో అది ఒకటి. దాన్ని ఏ ఫౌండేషనూ కట్టలేదు, ఏ దాతా కట్టలేదు. కమ్యూనిస్టు నాయకుడు కట్టించినదాన్ని ఒకసారి కాంగ్రెసు ప్రధాని, ఇంకోసారి బీజేపీ ప్రధాని ఆరంభించారు. రాజకీయం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, దాతల్లేరని కూర్చున్నవాళ్ళకి ఆ కుంభారి రోడ్డు ఒక జవాబు. ఆ ఇళ్ళలో లోపాలు లేవా? ఊరికి దూరం, పనికి రావాలంటే బండి ఖర్చు. ఉన్నాయి. కానీ "వాస్తుశిల్పానికి నిధులు" అనే మాట ఎత్తినప్పుడు ఆ ఇళ్ళు లెక్కలోకే రావు. ఎందుకు రావు?

ఎందుకంటే మన బుర్రల్లో వాస్తుశిల్పమంటే ఇంద్రభవన్. అప్పాసాహెబ్ వారద్ కట్టించిన ఆ మహలు ఇప్పుడు మునిసిపల్ కార్పొరేషన్‌ది. అందమైన కట్టడమే, నేనూ వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూస్తాను. ఇంకొకటి ఉంది, దాన్ని చూడాలంటే హైదరాబాదు పోవాలి: గోషామహల్ దగ్గర జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్. నర్సింగ్‌గీర్జి గిర్ని యజమానులు, ధన్‌రాజ్‌గీర్ కుటుంబం వాళ్ళది. తెలంగాణ నుంచి నేతగాళ్ళు షోలాపూర్‌కి నడిచివస్తే, వాళ్ళు ఇక్కడ నేసినదాని లాభంలో ఎంతోకొంత తిరిగి హైదరాబాదు చేరింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నది ఇక్కడ తిట్టుగా వాడటం లేదు, భూగోళం చెబుతున్నాను.

మరి మగ్గాల ఇల్లు? సాఖర్‌పేట సందుల్లో ఇంకా కొన్ని మిగిలాయి, రేపటికి ఎన్ని మిగులుతాయో. వీధి గది మగ్గానిది. కిటికీ ఎత్తు మామూలు ఇంట్లోలా ఉండదు, కింద ఉంటుంది, ఎందుకంటే గుంటలో కూర్చున్నవాడి కళ్ళకి వెలుతురు పడాలి. పడుగు సాగడానికి గది పొడుగ్గా, వెడల్పు తక్కువగా. దూలానికి కొక్కేలు, ఇప్పుడు వాటికి ఉయ్యాలలు వేలాడుతున్నాయి. మూలన కండెలు చుట్టే ఆడమనిషి రాట్నం, ఆమె అక్కణ్ణుంచే పొయ్యి మీద ఉడికేదాన్ని చూడగలిగేట్టు వంటింటికి ఒక చిన్న తలుపు. ఆ తలుపు ఎక్కడ పెట్టాలో నిర్ణయించినవాడికి డిగ్రీ లేదు. కానీ ఒకే మనిషి రెండు పనులు ఎలా చేస్తుందో వాడికి తెలుసు. తర్వాత కరెంటు మగ్గాలు వచ్చి అదే గదిలో కూర్చున్నాయి. నేల అదురుతుంది, గోడ బీటలిస్తుంది, దూదిపొట్టు వేలాడుతుంది. అక్కడా మనుషులు పడుకుంటారు. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో టవళ్ళ కార్ఖానా అంటుకుని 8 మంది పోయారు. యజమానీ, ఆయన ఇంటివాళ్ళూ, అక్కడే కాపురముంటున్న కార్మికుల కుటుంబమూ. యజమాని, కూలీ ఒకే పొగలో పోయారు. కట్టడం గురించి డబ్బు ఖర్చుపెట్టాలని ఉన్నవాళ్ళు మొదట ఆలోచించాల్సిన కట్టడం ఏది? గిర్ని పొగగొట్టం మీద లైట్లు వేయాలా, కార్ఖానాకి రెండో తలుపు పెట్టాలా?

ఇప్పుడు ఆ ఎదురుచూసే ఫౌండేషన్ల సంగతి. ఎవరూ రారన్నది కూడా నిజం కాదు, ముందు అది తేలాలి. ఇదే ఊళ్ళో క్యామ్‌షాఫ్టులు చేసే కంపెనీ వాళ్ళ ప్రిసిజన్ ఫౌండేషన్ ఏటా 'ప్రిసిజన్ గప్పా' పెడుతుంది, సంగీత మహోత్సవం పెడుతుంది, సేవాసంస్థల్ని పిలిచి సత్కరిస్తుంది. అంటే షోలాపూర్‌లో దాత ఉన్నాడు. తూర్పు పేటకి రాలేదు, తెలుగుకి రాలేదు అనుకుంటే మనం ఎప్పుడు వెళ్ళి అడిగామో కూడా చెప్పుకోవాలి.

ఇక చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. వేటి మీద చేయవచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. చరిత్ర ఉన్న కట్టడాల పునరుద్ధరణ, ప్రజా గ్రంథాలయాలు, సంప్రదాయ కళలు, చేతివృత్తులు అన్నీ అందులో ఉన్నాయి. మన పేట కోసమే రాసినట్టుంటుంది చదివితే. కానీ కంపెనీ పనిచేసే చోటికి ప్రాధాన్యం ఇవ్వమని కూడా చట్టం చెబుతుంది. మన కార్ఖానాల్లో ఆ 5 కోట్ల గీత దాటేవి ఎన్నని? కాబట్టి నేత సొమ్ము నుంచి నేత పేటకి ఈ దారిన వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. బయటి కంపెనీ ఇవ్వాలంటే తీసుకునే సంస్థకి 12ఏ, 80జీ కాగితాలుండాలి, మూడేళ్ళ పని చేసిన ఆధారం ఉండాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి సిఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఇవన్నీ తప్పని నేననను. దొంగ సంస్థల్ని ఆపాలంటే ఏదో గేటు ఉండాలి. కానీ ఆ గేటు దగ్గర నిలబడగలిగేది ఆడిటరున్న సంస్థే. పాటలు తెలిసిన ముసలమ్మకి 80జీ ఉండదు.

నా అనుభవం ఒకటి. మా గల్లీలో వాచనాలయం ఉంది, పాత కార్ఖానా పైగదిలో. పేపర్లు, నాలుగైదు బీరువాల తెలుగు, మరాఠీ పుస్తకాలు, పోటీ పరీక్షలకి చదివే పిల్లలు. కప్పు కారుతోంది. ఒక ఫౌండేషన్‌కి అర్జీ పెట్టాం. పేరు అక్కర్లేదు. పుణె నుంచి ఒక అమ్మాయి వచ్చింది, మంచి పిల్ల, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది, పిల్లలతో నేల మీదే కూర్చుంది. కప్పు చూసింది, ఫొటో తీసింది. రెండు నెలలకి మంజూరు వచ్చింది: వాచనాలయం బయటి గోడ మీద నేత జీవితం గురించి కుడ్యచిత్రం. కప్పు గురించి అడిగితే అది "మరమ్మతు" కింద వస్తుందట, మరమ్మతుకి పద్దు లేదట. వైశాఖంలో బొమ్మ వేశారు. బాగుందండీ, అబద్ధమెందుకు. పాతిక అడుగుల నేతగాడు, చేతిలో నాడె, ఎర్రంచు చద్దరు. జనం వచ్చి సెల్ఫీలు దిగారు. మా ఊరికి అసలు వాన భాద్రపదంలో కదా. కప్పు మీద నీళ్ళు నిలిచి గోడలోకి దిగాయి. దసరా నాటికి నాడె పట్టుకున్న చెయ్యి ఉబ్బి, పెచ్చులూడింది. బయట బొమ్మ, లోపల చెమ్మ. పుస్తకాల బీరువాలు గది మధ్యకి జరుపుకున్నాం.

జీతాలు అడిగితే ఇంకొక మాట చెబుతారు: చట్టం ఒప్పుకోదు, నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదు. ఈ మాటని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు, అందుకే విడమరిచి చెబుతాను. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సిఎస్ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి పెట్టుకునే సొంత ఖర్చుకి. గ్రంథాలయం తెరిచే మనిషి జీతం గ్రంథాలయం ఖర్చే, కంపెనీ ఆఫీసు ఖర్చు కాదు. అడ్డొచ్చేది చట్టం కాదు, అలవాటు. జీతం ఫొటోలో పడదు. దానికి రిబ్బను కట్టలేం. చట్టంలో నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది: కొనసాగే పథకమైనా మొదలైన ఏడాది పోను మూడేళ్ళకి మించకూడదు. నాలుగేళ్ళలో ఏ గ్రంథాలయం తన కాళ్ళ మీద నిలబడుతుంది?

అమెరికాలో ఆండ్రూ కార్నెగీ ఈ చిక్కుని వందేళ్ళ కిందటే పట్టుకున్నాడు. 1883 నుంచి 1929 దాకా ఆయన డబ్బుతో ప్రపంచమంతా లేచిన గ్రంథాలయాలు రెండున్నర వేలు. ఆయన షరతు ఏమిటంటే, స్థలం ఊరు ఇవ్వాలి, తానిచ్చినదాంట్లో పదో వంతు ఏటా పన్నుల నుంచి ఊరే నిర్వహణకి పెట్టాలి. పదేళ్ళలో ఊరు కూడా ఆయనంత ఇచ్చినట్టే. కట్టడం కట్టగానే సరిపోదు, రోజూ తెరవాలన్న సంగతి ఆ ఉక్కు వ్యాపారికి తెలుసు. మరి ఆయన్ని దండేసి పూజించాలా? 1892లో హోమ్‌స్టెడ్‌లో ఆయన కంపెనీ కార్మికుల సమ్మెని ప్రైవేటు సాయుధులతో అణచబోయింది, రెండు వైపులా శవాలు లేచాయి. ఆరేళ్ళకి అదే ఊరి పక్కన ఆయన గ్రంథాలయం తెరుచుకుంది. రోజుకి పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడ్డవాడు పుస్తకం ఎప్పుడు చదువుతాడు? మన పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల పాళీ చేసేవాణ్ణి అడగండి, ఈ ప్రశ్న అమెరికాది అనుకోడు.

ఆగా ఖాన్ ట్రస్టు ఉదాహరణ తెచ్చేవాళ్ళు దాన్ని సగమే చూస్తున్నారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పని పదేళ్ళు దాటి నడిచింది. సిమెంటు పూతలు గీకేసి గచ్చు పూశారు, బావులు పూడిక తీశారు, రాతిపనివాళ్ళకీ గచ్చుపనివాళ్ళకీ ఏళ్ళ తరబడి చేతినిండా పని దొరికింది. అక్కడ మెచ్చుకోవాల్సింది డబ్బు కాదు, ఓపిక. మన దగ్గరికి వచ్చేవి ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసే ఓపికలు. షికాగోలో 1956లో పుట్టిన గ్రాహం ఫౌండేషన్ వాస్తుశిల్పం మీద పుస్తకాలకి, ప్రదర్శనలకి, పరిశోధనకి, విడి మనుషులకి కూడా డబ్బిస్తుంది. బెంగళూరులో 1993లో పుట్టిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కూడా కళాకారుణ్ణి, పరిశోధకుణ్ణి నమ్మి ఇస్తుంది. అలాంటివాళ్ళు వస్తే సాఖర్‌పేట మగ్గాల ఇళ్ళకి కొలతలు తీసి, నక్షాలు గీసి, అక్కడ కండెలు చుట్టినావిడని కూర్చోబెట్టి ఆ చిన్న తలుపు కథ రాయించమని అడుగుతాను. కూలేవి ఎలాగూ కూలతాయి. కాగితం మీదైనా ఉండాలి.

ఫౌండేషన్లని ఇంతసేపు అన్నాను, ఇక ఇంటివాళ్ళ వంతు. వర్గణి ఎండిపోయిందన్నది పచ్చి అబద్ధం. మంగళ కార్యాలయాలు లేస్తున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. గణపతి మండళ్ళ డీజేలకి వర్గణి దొరుకుతుంది. ఊరేగింపుకి దొరుకుతుంది, విందుకి దొరుకుతుంది, నిలువెత్తు ఫ్లెక్సీకి దొరుకుతుంది. అది ఎండలేదు, దారి మళ్ళింది. పాత మెట్ల మీద 11 రూపాయలవాడి పేరూ 101 రూపాయలవాడి పేరూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. ఇప్పటి పాలరాతి పలక మీద పెద్ద దాత పేరు అరచెయ్యంత, చిన్నవాడు "ఇతరులు". ఆడవాళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. బీడీ చుట్టిన డబ్బులోంచి వర్గణి వెళ్ళేది ఆమె చేతుల మీదుగా, రసీదు మొగుడి పేరున, కమిటీలో కుర్చీ మాత్రం ఆడవాళ్ళలో ఎవరికీ లేదు. లెక్కల పుస్తకం సభలో గట్టిగా చదివే ఆచారం ఎన్ని సంస్థల్లో మిగిలింది? దాతల్లేరన్న మాట మన పెద్దమనుషులకి ఎందుకింత ముద్దో ఇక్కడ తెలుస్తుంది. దాత లేకపోతే జవాబుదారీ కూడా లేదు. ఉన్న డబ్బు ఎటు పోయిందని అడిగేవాడి నోరు, లేని డబ్బు గురించి ఏడిస్తే మూతపడుతుంది.

మా వాచనాలయం తాళంచెవి ఎదురింటి పెద్దమ్మ దగ్గర ఉంటుంది. ఎనభైకి దగ్గర పడింది, చదువు రాదు. సాయంత్రం అయిదింటికి బీడీల చాట పక్కన పెట్టి, కొంగుకి కట్టిన చెవి విప్పి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి తీస్తుంది. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఎక్కి వేస్తుంది. ఇన్నేళ్ళుగా ఒక్క పైసా తీసుకోలేదు, మేమూ ఇవ్వలేదు, ఇది మా సిగ్గు. మంజూరు కాగితం తెచ్చిన రోజు పుణె అమ్మాయి "సస్టెయినబిలిటీ ప్లాన్ ఏమిటండీ?" అని అడిగినప్పుడు నేను తడుముకుంటూ ఏదో చెబుతున్నాను. పెద్దమ్మ నడుమ అందుకుంది.

"ఏమడుగుతుంది బిడ్డా ఆ పిల్ల?"

"నువ్వు పోయినంక ఈ గది ఎట్ల నడుస్తదని అడుగుతుంది పెద్దమ్మా."

"మంచిగనే అడిగింది. మరి గా కాయితంల తాళం తీసేటోళ్ళకు ఎంత రాసిండ్రో సూడుమను."

ఆ పిల్ల నవ్వింది, నేనూ నవ్వాను. కాగితం తిరగేశాను. గోడకి రంగులకి ఒక పద్దు, ఆరంభోత్సవానికి ఒక పద్దు, ఫొటోలకి ఒక పద్దు ఉన్నాయి.

బొమ్మ పెచ్చులూడాక మా గల్లీలో ఇంటికి నెలకి ఇరవై రూపాయలు వేసుకున్నాం. తాడిపత్రి కొని కప్పు మీద కట్టాం, మిగిలినది పెద్దమ్మకి ఇస్తే మొదట తిట్టింది, తర్వాత కొంగులో ముడేసుకుంది. ఈ ఏడు అదే ఫౌండేషన్ నుంచి మళ్ళీ ఫారం వచ్చింది. ప్రాజెక్టు పేరు అన్న గడిలో "తాళం తీసే మనిషి జీతం, 36 నెలలు" అని రాసి పంపాను. వారానికి జవాబొచ్చింది: ఇది మా కేటగిరీల్లోకి రాదు, సరిచేసి పంపగలరు. గడువు ఇంకా పది రోజులుంది. అక్షరాలు సరిగా కనపడలేదేమోనని ఈసారి కాస్త పెద్దగా, అదే రాసి పంపాను.